స్వయంకృషి పుస్తకాలూ, సమష్టి చదువూ

అరసవల్లిలో రథసప్తమినాడు సూర్యదేవుడి దర్శనానికి అర్ధరాత్రి నుంచే వరుసలు కడతారు. దర్శనం ముగించుకొని బయటికి వచ్చిన జనం దారికి రెండు పక్కలా పరచిన అంగళ్ల ముందు ఆగుతారు. గాజులు, పిల్లల బొమ్మలు, ఖర్జూరం, జీళ్లు - వీటి నడుమ నేలమీద పట్టా పరచి పెట్టిన పుస్తకాల కొట్టు కూడా ఉంటుంది. ఏటా నేను అక్కడ కాసేపు ఆగుతాను. ఒకప్పుడు ఆ పట్టామీద ఆదిత్యహృదయం, శతకాలు, పంచాంగం, పెద్దబాలశిక్ష, గృహవైద్యం కనిపించేవి. ఇప్పుడు వాటి పక్కనే, వాటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, మరో రకం పుస్తకాలు ఉంటున్నాయి. విజయం సాధించడం ఎలా, ధనవంతులు కావడం ఎలా, జ్ఞాపకశక్తి పెంచుకోవడం ఎలా, పదిమంది మెప్పు పొందడం ఎలా - అన్నీ "ఎలా" పుస్తకాలే. కొనేవాళ్లు ఎక్కువమంది పాతికేళ్ల లోపు యువకులు. బస్సు చార్జీకి ఉంచుకొన్న డబ్బులోంచి తీసి కొనేవాళ్లను కూడా చూశాను.

వీటిని గురించి మన విమర్శకులు రాసింది తక్కువ. రాసినవాళ్లు కూడా ఒక్క వెక్కిరింపుతో సరిపెట్టారు. ఇంతమంది చదివే పుస్తకాన్ని వెక్కిరించి ఊరుకోవడం విమర్శ అనిపించుకోదు. ఈ పుస్తకాలు ఎక్కడినుంచి వచ్చాయి, ఏ అవసరానికి జవాబుగా వచ్చాయి, ఆ జవాబులో నిజమెంత అని అడగడం సాహిత్య చరిత్రకు సంబంధించిన పనే. ఆ పని నేను చేయబూనడానికి స్వంత కారణం ఒకటుంది. ముందు అది చెప్పాలి.

మా వీధి కుర్రవాడొకడు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలకు తయారవుతూ, చదవడానికి ఏదైనా పుస్తకం ఇమ్మని నా దగ్గరికి వచ్చాడు. నా అలమారులో ఉన్న వ్యక్తిత్వ వికాస గ్రంథం ఒకటి తీసి ఇచ్చాను. అతను దానిని పాఠ్యపుస్తకం చదివినట్టు చదివాడు. తెల్లవారుజామున లేచాడు. గోడమీద లక్ష్యం రాసుకొన్నాడు. స్నేహితులతో తిరగడం మానేశాడు. మూడుసార్లు పరీక్ష రాశాడు. మూడోసారి కూడా పేరు రాకపోయేసరికి పుస్తకం తిరిగి ఇచ్చేస్తూ, "ఇందులో సెప్పినట్టే అన్నీ సేసినాను మేస్టారూ. పుస్తకం తప్పు కాదు కదా, మరి లోపం నాలోనే ఉన్నట్టు కదా" అన్నాడు.

ఆ మాటకు అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. వందల ఉద్యోగాలకు లక్షల దరఖాస్తులు పడేచోట ఎవరెంత కష్టపడినా అధిక సంఖ్యాకులు ఓడిపోక తప్పదు. ఇది లెక్కల్లో తేలే విషయం. కాని ఆ పుస్తకం అతనికి ఈ లెక్క చెప్పలేదు. గెలిచినవాడి గెలుపు సంకల్పబలమని చెప్పి, ఓడినవాడి ఓటమికి కారణాన్ని అతని ఊహకే వదిలేసింది. అతను తీసిన ముగింపు ఆ తర్కానికి సరిగ్గా సరిపోయిన ముగింపే. ఆ పుస్తకం చేతికిచ్చినవాణ్ణి నేను.

నా చదువు కూడా ఆ రోజుల్లో అదే దారిలో నడిచిందని తరవాత గ్రహించాను. ఏడాదికి యాభై పుస్తకాలు చదవాలని నేనొక నియమం పెట్టుకొన్నాను. నోటుపుస్తకంలో వరుస సంఖ్య, పేరు, ముగించిన తేదీ రాసేవాణ్ణి. ఇప్పుడు ఈ లెక్క సెల్‌ఫోనే చూసిపెడుతున్నదట. నియమం మొదట్లో మేలే చేసింది. సాయంత్రాలు కబుర్లకు పోకుండా కుర్చీలో కూర్చోపెట్టింది. కాని అక్టోబరు దాటేసరికి అంకె వెనకబడేది. అప్పుడు లావు పుస్తకాలు పక్కన పెట్టి పలచటివి వెతికేవాణ్ణి. చదివిన పేజీని మళ్లీ చదవడం దండగ అనిపించేది. డిసెంబరు చివర యాభైవ అంకె వేసినప్పుడు సంతోషించేవాణ్ణి. ఒక ఏడాది ఆ జాబితా తీసి చూస్తే, అందులో పదిహేను పుస్తకాల గురించి నాలుగు వాక్యాలు కూడా చెప్పలేనని తెలిసింది. ఎంత చదివాను అన్న ప్రశ్న, ఎందుకు చదివాను అన్న ప్రశ్నను మింగేసింది.

ఈ రెండు అనుభవాల మూలం ఒకటేనని నా నమ్మకం. చదువును ఒంటరి మనిషి ఆస్తిగా లెక్కవేయడమే ఆ మూలం. ఇది చదువు సహజ లక్షణమా, చరిత్రలో ఎక్కడో వచ్చి చేరిందా?

మంచి నడవడి నేర్పే రచనలు మనకు కొత్తకాదు. సుమతి, భాస్కర శతకాలు, నీతిచంద్రిక తరతరాలు చదివినవే. వాటిలోని నీతి చాలావరకు భూస్వామ్య సమాజపు నీతి. ఎవరి హద్దులో వారిని ఉండమంటుంది, స్త్రీలను గురించీ కింది కులాలను గురించీ చెప్పరాని మాటలు చెబుతుంది. అయినా దానిలో ఒక సంగతి గమనించాలి. అది మనిషిని ఎప్పుడూ ఇతరుల మధ్య నిలబెట్టి మాట్లాడుతుంది. రాజుతో, బంధువుతో, అప్పులవాడితో, ఊరితో ఎలా మెలగాలో చెబుతుంది. ఊరు లేని మనిషి దానికి తెలియదు. ఒంటరి మనిషిని కథానాయకుడుగా చేసిన నీతి పెట్టుబడిదారీ సమాజంతో వచ్చింది.

దాని తొలి మహాగ్రంథం శామ్యూల్ స్మైల్స్ రాసిన "సెల్ఫ్ హెల్ప్". ఈ జాతి పుస్తకాలన్నిటికీ పేరు దానినుంచే వచ్చింది. అది అచ్చయిన 1859లోనే మిల్ స్వేచ్ఛను గురించి రాసిన గ్రంథం వచ్చింది. అర్థశాస్త్ర విమర్శకు మార్క్స్ రాసిన తొలి గ్రంథం వచ్చిందీ ఆ ఏడాదే. స్మైల్స్ పుస్తకం మొదటి ఏడాదిలోనే 20,000 ప్రతులు అమ్ముడుపోయింది. 1871లో జపాను భాషలోకి నకమురా మసనావ్ అనువదించగా అక్కడి కొత్త తరానికి అది ఇంచుమించు పాఠ్యగ్రంథమైంది. పేదరికంలో పుట్టి, పట్టుదలతో పైకి వచ్చిన యంత్రనిర్మాతల, శాస్త్రజ్ఞుల జీవితాలు దాని నిండా ఉంటాయి.

ఈ గ్రంథం పుట్టిన తీరు చాలామందికి తెలియదు. స్మైల్స్ దానిని తన ఉపోద్ఘాతంలోనే చెప్పాడు. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో ఇద్దరు ముగ్గురు కార్మిక యువకులు చలికాలపు సాయంత్రాల్లో కలుసుకొని తమకు వచ్చినది ఒకరికొకరు నేర్పుకోసాగారు. చదవడం, రాయడం, లెక్కలు, భూగోళం - ఎవరికి ఏది తెలిస్తే అది. క్రమంగా వారి సంఖ్య వందకు చేరింది. కూర్చోడానికి చోటు చాలక, అంతకుముందు కలరా ఆస్పత్రిగా వాడి విడిచిన మురికిగదిని అద్దెకు తీసుకొన్నారు. ఎవరూ అద్దెకు తీసుకోవడానికి సాహసించని గది అది. ఆ యువకులే స్మైల్స్ దగ్గరికి వెళ్లి తమతో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. 1845లో మొదలైన ఆ ఉపన్యాసాలే తరవాత పుస్తకమయ్యాయి. అంటే స్వయంసహాయ గ్రంథానికి పురిటిగది పరస్పర సహాయ సంఘం! తన పుస్తకం పేరు చూసి స్వార్థాన్ని పొగిడిందని కొందరు అపోహపడ్డారనీ, తన ఉద్దేశం అందుకు పూర్తిగా విరుద్ధమనీ తరవాతి కూర్పు పీఠికలో స్మైల్స్ స్వయంగా విచారించాడు. కాని ఆయన చెప్పిన కథల్లోనే ఆ గది లేదు, ఆ వందమంది లేరు. పైకి వచ్చిన ఒక్కొక్క మనిషే ఉన్నాడు. ఉపోద్ఘాతంలో ఉన్న సంఘం పుస్తకంలోకి రాకముందే మాయమైంది. ఆ తరవాత ఈ సాహిత్యం నడిచిన దారి అంతా ఈ మాయం కావడమే.

తెలుగు దేశంలో ఈ చరిత్ర వేరుగా నడిచింది. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. మండలి మొదటి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. కట్టెలు కొట్టిన పేద కుర్రవాడు ఎరువు తెచ్చుకొన్న పుస్తకాలతో చదువుకొని దేశాధ్యక్షుడు కావడం - స్వయంకృషి సాహిత్యానికి ఇంతకన్నా ఇష్టమైన కథ లేదు. మన ఆధునిక విజ్ఞాన ప్రచురణ ఆ కథతోనే మొదలైంది. అయితే దానిని రాసిన మనిషి ఏం చేశాడు? వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు 1907లో రాజమహేంద్రవరం శిక్షణ కళాశాలనుంచి బహిష్కృతుడయ్యాడు. బెజవాడలో "స్వరాజ్య" పత్రిక నడిపి, అందులోని రచనకు 1908లో రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లాడు. అంటే లింకను జీవితంనుంచి ఆయన తీసుకొన్న పాఠం నేను పైకి రావాలన్నది కాదు. ఒక జాతి మెడమీద కాడి ఉండగా ఏ ఒక్కడి ఎదుగుదలా ఎదుగుదల కాదన్నది. జైలునుంచి వచ్చాక ఆయన జీవితంలో పెద్దభాగం గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ ఇచ్చాడు.

ఆ గ్రంథాలయోద్యమాన్ని కూడా ఈ సందర్భంలో తలచుకోవాలి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం కాలువమీద పడవలో పుస్తకాలు పెట్టి గట్టుమీది పల్లెలకు పంపించారు. పుస్తకం కొనలేనివాడికి పుస్తకం, చదవరానివాడికి చదివి వినిపించే మనిషి - ఇది ఆ ఉద్యమపు పద్ధతి. ఒకడు చదివితే పదిమంది వింటారు. లెక్క వేయదలచుకొంటే అక్కడ ఎన్ని పుస్తకాలు అని వేయరు, ఎందరు విన్నారు అని వేస్తారు.

మన ప్రాంతంలోకే వస్తే, స్వయంకృషికి గిడుగు రామమూర్తికన్నా గొప్ప ఉదాహరణ నాకు కనబడదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదివాడు. అక్కడ గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులయ్యాడు. ఉద్యోగం చేస్తూనే పట్టపరీక్షకు కట్టి నెగ్గాడు. ముఖలింగం గుడిమీది శాసనాలను చదవడం తన పట్టుదలతోనే నేర్చాడు. ఇంతవరకు చెప్పి ఆపితే అరసవల్లి పట్టామీది పుస్తకాల్లో ఏదో ఒకదానిలో ఇది ఒక అధ్యాయం అవుతుంది. శీర్షిక "పట్టుదల" అని పెట్టవచ్చు.

కాని గిడుగు కథ అక్కడ మొదలవుతుంది. కొండలమీది సవరల భాష నేర్చుకోవాలని ఆయన పూనుకొన్నాడు. ఆ భాష నేర్చినందువల్ల జీతం పెరగదు, సభలో గౌరవం రాదు. సవర భాష తెలిసినవారిని ఇంట్లో ఉంచుకొని మాట మాట నేర్చాడు. తరవాత ఆ భాషలో వాచకాలు రాశాడు, సవర పిల్లలకు బడులు పెట్టించాడు. ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని వద్దని, ఆ సొమ్ముతో బడి పెట్టమని అడిగాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. తెలుగులో వాడుకభాష కోసం ఆయన చేసిన పోరాటం కూడా ఇదే దారిలోది. తనకు గ్రాంథికం రాకనా ఆయన పోరాడింది? తనకు వచ్చిన విద్య పదిమందికి అందకుండా అడ్డుగోడగా నిలబడిందని. ఆయన పెట్టుకొన్న లక్ష్యాలు వ్యక్తిగతమైనవే. వాటి గమ్యం మాత్రం వ్యక్తి దగ్గర ఆగలేదు.

ఈ వారసత్వం ఉన్న నేలమీదికి రెండోరకం పుస్తకం ఎప్పుడు వచ్చింది? ప్రపంచంలో దాని రెండో పుట్టుక ఆర్థిక మాంద్యంలో జరిగింది. డేల్ కార్నెగీ పుస్తకం 1936లోనూ, నెపోలియన్ హిల్ పుస్తకం 1937లోనూ అమెరికాలో వెలువడ్డాయి. ఫ్యాక్టరీలు మూతపడి, కోట్లమంది పనిలేక తిరిగిన దశాబ్దం అది. పనులు ఎందుకు పోయాయన్న ప్రశ్న వీధిలో ఉండగా, నీ చిరునవ్వు సరిచేసుకో, నీ ఆలోచన మార్చుకో అన్న జవాబు పుస్తకాల కొట్లో అమ్ముడుపోయింది. స్మైల్స్ కాలపు పుస్తకం కనీసం వృత్తిలో శ్రమను మెచ్చుకొన్నది. ఇవి శ్రమకు బదులు అభిప్రాయాన్నీ, ఆకర్షణనూ పెట్టాయి.

తెలుగులో ఈ ధోరణి 1990ల దశకంలో బలపడింది. నవలాకారుడుగా అప్పటికే లక్షల పాఠకులున్న యండమూరి వీరేంద్రనాథ్ "విజయానికి ఐదు మెట్లు" రాశారు. బి.వి. పట్టాభిరామ్ ఉపన్యాసాలతోనూ, రచనలతోనూ వ్యక్తిత్వ వికాసం అన్న మాటను ఇంటింటి మాటగా చేశారు. 1991 ఆర్థిక విధానాల తరవాతి కాలం అది. ప్రభుత్వోద్యోగం తరిగింది. ప్రైవేటు కళాశాల, కోచింగు కేంద్రం, ఇంటర్వ్యూ పెరిగాయి. పల్లెనుంచి వచ్చిన కుర్రవాడికి ఇంటర్వ్యూ గదిలో ఎలా కూర్చోవాలో చెప్పే పెద్దదిక్కు లేదు. ఆ దిక్కు ఈ పుస్తకాలయ్యాయి. అందుచేత వీటిని చదివినవాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. భయం పోగొట్టుకోవడం, కాలాన్ని దండగ చేయకపోవడం, పదిమంది ముందు మాట్లాడడం - ఇవి అక్కరకు వచ్చే విద్యలే. తెలుగులో వరసగా ఒక పుస్తకం చదివి ముగించే అలవాటు కొందరికి వీటితోనే అయింది.

నా అభ్యంతరం వీటి సలహాలమీద కాదు, ఇవి వదిలేసిన సంగతులమీద. ఈ జిల్లా సంగతే తీసుకోండి. ఉద్దానంలో కవిటి, సోంపేట ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తింటున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. అదే ఏడాది నవంబరులో గుజరాత్ తీరంలో కూలికి వేటకు పోయిన మన మత్స్యకారులు పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలోగాని ఇల్లు చేరలేదు. సొంత సముద్రం ఎదురుగా ఉండగా అంత దూరం ఎందుకు పోయారు? ఏ మెట్టుమీద నిలబడి ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి? తెల్లవారకముందే లేవడంలో ఆ మత్స్యకారుడికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

ఈ వదిలేసిన సంగతులను పట్టుకొన్నది మన కథ. కాళీపట్నం రామారావు "యజ్ఞం" 1964లో వచ్చింది. అందులో అప్పల్రాముడు సోమరి కాదు, వ్యసనపరుడు కాదు, మాట తప్పేవాడు కాదు. స్వయంకృషి పుస్తకాలు కోరే గుణాలన్నీ ఉన్నవాడు. ఊరికి అభివృద్ధి కూడా వచ్చింది. అయినా అప్పు అతని ఇంటిని మింగింది. బిడ్డ బతుకు బానిస బతుకు కాకూడదని కన్నతండ్రి చేతులే కత్తి ఎత్తే స్థితికి అది తెచ్చింది. చాసో "ఎందుకు పారేస్తాను నాన్నా" కథలో కృష్ణుడికి చదువుమీద ఆశ ఉంది. అతనికి తక్కువైంది సంకల్పబలం కాదు, ఫీజు డబ్బు. ఈ రెండు కథలూ ఓడినవాడిని అవమానించవు. లోపం ఎక్కడుందో చూపిస్తాయి. మా కుర్రవాడికి నేను ఇవ్వవలసింది వీటిని.

ఇక్కడ మన ఆత్మవిమర్శ కూడా అవసరం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన నాటినుంచి మనం సమాజం మారాలని రాశాం. అది సరైన మాటే. కాని రేపటి పరీక్షకు భయపడుతున్న కుర్రవాడు మన దగ్గరికి వస్తే వ్యవస్థను గురించి ఉపన్యాసం ఇచ్చి పంపించాం. ఎలా చదవాలి, అర్థంకాని పుస్తకంతో ఎలా కుస్తీ పట్టాలి, ఓటమి రాత్రి ఎవరితో మాట్లాడాలి అన్నవి చిన్న ప్రశ్నలని తోసేశాం. మనం ఖాళీగా వదిలిన కుర్చీలో వ్యాపారం కూర్చుంది. అంతేకాదు, పొడుగాటి పఠన జాబితాలు ఇచ్చి, అవి చదవనివాళ్లను చిన్నచూపు చూసినవాళ్లు మనలోనూ ఉన్నారు. నా యాభై పుస్తకాల నోటుపుస్తకం ఆ గర్వానికే చుట్టం.

అయితే లక్ష్యమూ, లెక్కా వద్దేవద్దా? కారా మాస్టారి జీవితం ఈ సందేహం తీర్చింది. ఆయన పెట్టుకొన్నంత పెద్ద అంకె తెలుగు పాఠకుడెవడూ పెట్టుకొని ఉండడు. అచ్చయిన ప్రతి తెలుగు కథనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. దానికోసం పాత పత్రికలు వెతికించాడు, ఉత్తరాలు రాశాడు, పట్టికలు తయారుచేశాడు. తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము అందులో పెట్టాడు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరుచుకొంది. 2021 జూన్‌లో ఆయన వెళ్లిపోయాడు. కథానిలయం ఉంది. అక్కడి బీరువాల ముందు నిలబడినప్పుడు నాకు తోచింది ఒకటే. ఆయనా లెక్క పెట్టాడు, నేనూ లెక్క పెట్టాను. నా లెక్క నాతో ముగుస్తుంది. ఆయన లెక్కలో ఇంకా పుట్టని పరిశోధకుడికి కూడా వాటా ఉంది.

కుర్రవాడిని మళ్లీ పిలిచాను. నేనిచ్చిన పుస్తకంలో లేని లెక్కను, దరఖాస్తులెన్నో ఖాళీలెన్నో, కాగితంమీద వేసి చూపించాను. చాలాసేపు చూసి, "ఈ లెక్క ముందే సెప్పుంటే బాగుండును మేస్టారూ" అన్నాడు. నిజమే, చెప్పి ఉండవలసింది. అతను పరీక్షలు రాయడం మానలేదు. మానమని నేనూ అనలేదు. ఆదివారాలు మా అరుగుమీద అతనూ, అతని స్నేహితులు మరి నలుగురూ చేరుతున్నారు. ఒకరు చదువుతారు, మిగిలినవాళ్లు వింటారు. "యజ్ఞం" ముగించడానికి మూడు ఆదివారాలు పట్టింది. శ్రీరాములునాయుడు మంచివాడా, చెడ్డవాడా అన్న వాదం ఇంకా తెగలేదు. ఒకరికి రాని లెక్కలు మరొకరు చెప్పడం కూడా అక్కడే జరుగుతున్నది. లీడ్స్ గదిలో జరిగినదీ, మన గ్రంథాలయాల అరుగులమీద జరిగినదీ ఇదే.

నోటుపుస్తకం మాత్రం నేను పారేయలేదు. వరుస సంఖ్య ఉన్న గడి కొట్టేసి, దాని స్థానంలో "ఎవరితో" అని రాసుకొన్నాను. ఈ ఏడు ఆ పట్టికలో పుస్తకాలు పదకొండే ఉన్నాయి. ఈసారి వాటిలో దేని గురించి అడిగినా చెప్పగలను. నేను మరచిపోయినచోట అందించేవాళ్లు ఉన్నారు.